ముల్లును విడిచి ఆకును దండించుట

1981వ సంవత్సరమున “న్యాయం కావాలి” యను తెలుగు చలనచిత్రము వెలువడినది. డి. కామేశ్వరిగారి “కొత్తమలుపు” నవల దానికి మూలము. క్రాంతికుమారుగారు నిర్మాత, ఎ. కోదండరామిరెడ్డిగారు దర్శకులు. కథ కొత్తది కాదు. భారతి యను కన్యను ఒక యువకుడు ప్రేమ పేరిట నమ్మించెను. ఆమె గర్భవతి యైన పిమ్మట తనకేమియు సంబంధము లేదనెను. ఇట్టి కథలు మన యిరుగుపొరుగులలో నెన్ని జరుగలేదు? కాని యీ భారతి నూతిని వెదకికొనలేదు, రైలుపట్టాల దారి పట్టలేదు. న్యాయస్థానపు మెట్లెక్కి, ఈ బిడ్డకు తండ్రి ఇతడు, నాకు న్యాయము కావలయునని నిలిచినది. యువకుని పక్షమున వాదించినవాడు అతని తండ్రియే, పేరుమోసిన వకీలు. ఆమె పక్షమున నిలిచిన న్యాయవాదిని యౌవనమున ఆ తండ్రి చేతనే వంచింపబడిన స్త్రీ. రాధిక, చిరంజీవి, శారద, జగ్గయ్యగారలు ఆ పాత్రలు ధరించిరి.

ఆ చిత్రమును హిందీవారు 1983లోను, తమిళులు 1984లోను తమ భాషలలోనికి తీసికొనిరి. తమిళదేశమున దాని పేరు “విధి”. అందలి న్యాయస్థాన సంభాషణలు కాసెట్లుగా వెలువడి, పాటలకంటె నెక్కువగా వాడవాడల మ్రోగినవి. అనగా దేశములో సగముమంది ఈ వ్యాజ్యమును విన్నారు, కన్నీరు కార్చినారు, వకీలమ్మ పలుకులకు చప్పట్లు కొట్టినారు. నలుబదియేండ్లు దాటిన చిత్రమును నేడు తలచుట యేల యని మా పాఠకులు అడుగవచ్చును. చప్పట్లు కొట్టిన ఆ చేతులే ఇంటికి వచ్చి పొరుగింటి పిల్ల ముఖము మీద తలుపు వేయుచున్నవి గనుక తలచుచున్నాము. తెరమీది భారతికి న్యాయము కోరినవారు తమ వీధిలోని భారతికి కోరుచున్నది మౌనము.

మన భాషనే పరీక్షింపుడు. నెలతప్పిన పిల్లను కాలు జారినది యందుము, చెడిపోయినది యందుము, వంశము పరువు తీసినది యందుము. ఆ మగవానికి మన మాటలలో పేరు లేదు. మహా అయిన కుఱ్ఱతనమందుము, వయసందుము. ఒక్క కాలు జారుటవలన గర్భము కలుగదని ఈ దేశమున ఎవరికిని తెలియదు కాబోలు! వీనికి మకుటముగా అరిటాకు సామెత యొకటి. ముల్లు వచ్చి ఆకుమీద పడినను, ఆకు వచ్చి ముల్లుమీద పడినను చినుగునది ఆకేయట. నిజమే, చినుగునది ఆకే. కాని మా కొల్లేటిగట్టు రైతు కాలిబాటలో ముల్లు కనబడిన వంగి తీసి దూరముగా పారవేయునే గాని, తోటలోనికి పోయి అరిటాకులు కోసి పారవేయడు. పొలములో నున్న ఈపాటి వివేకము రచ్చబండకు రాగానే ఏమగుచున్నదో మాకు బోధపడకున్నది. సామెత చెప్పినది ఆకు బలహీనతను. మన పెద్దలు దానినుండి తీసినది ముల్లునకు స్వేచ్ఛాపత్రము.

ఇక పెద్దమనుషుల తీర్పు సంగతి. కైకలూరు ప్రాంతమున లంకలలోనేమి, మెట్టయూళ్ళలోనేమి, ఏలూరు తాడేపల్లిగూడెముల వంటి పట్టణములలోనేమి, దీని తీరు ఒక్కటే. ఏ యొక్క కులమునకో పల్లెకో దీనిని అంటగట్టువారు తమ యింటిని తాము చూచుకొననివారు. సంగతి పొక్కినంతనే మొదట జరుగునది పిల్లను చదువు మాన్పించుట. పిమ్మట ఆమెను దూరపు బంధువుల యింటికి పంపుట. ఆ పిమ్మట ఒక రాత్రి నలుగురు పెద్దలు కూర్చుందురు. పిల్లవాని తండ్రి వచ్చును, పిల్ల తండ్రి వచ్చును, ఇరువైపుల మేనమామలు వత్తురు. పిల్ల మాత్రము రాదు. ఎవరి శరీరమును గూర్చి తీర్పు జరుగుచున్నదో ఆమె ఒక్కతె ఆ సభలో నుండదు! అచ్చట జరుగు బేరము చెరువుల కౌలుబేరమునకు తీసిపోదు. ఇంత యని యొకరు, అంత కాదని మఱొకరు, సగము నేడు, సగము పట్టుబడి నాటికి. చివరకు తప్పు వేయుదురు. ఆ తప్పుసొమ్ము పిల్ల చేతికి చేరునా? పిల్ల తండ్రికి కొంత, గుడికి కొంత, మధ్యవర్తుల మర్యాదలకు కొంత. తెల్లకాగితము మీద సంతకములు పెట్టించి, ఇక ఏ పోలీసు స్టేషనుకును పోరాదని షరతు వ్రాయుదురు. ఆ కాగితము చట్టము ముందు చేపలు చుట్టిన కాగితము పాటి విలువయు చేయదని ఆ పెద్దలలో చదువుకొన్నవారికి తెలియును. తెలిసియే వ్రాయుదురు.

అందు పిల్ల వయస్సు పదునెనిమిది నిండనిదైనచో సంగతి మఱింత దారుణము. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము ఆ కాగితము రాజీ కాదు. పిల్లమీద నేరము జరిగినదని యెఱిగి పోలీసులకు తెలుపకపోవుట ఆ చట్టమున శిక్షార్హమైన అపరాధము. తీర్పు చెప్పుటకు గద్దె నెక్కిన పెద్దమనుషులే ముద్దాయిల బోనులో నిలువదగినవారన్నమాట.

బేరము కుదరనిచోట రెండవ మందు పెండ్లి. నిన్నటిదాక ఈ పిల్ల యెవరో తా నెఱుగనన్నవానికే, పోలీసు భయము చూపి, రాత్రికి రాత్రి తాళి కట్టింతురు. పరువు దక్కినదని ఊరు నిద్రపోవును. తన్ను నలుగురిలో అబద్ధపు మనిషిని చేసినవానితో, తన బిడ్డను బిడ్డ కాదన్నవానితో, ఆ పిల్ల ఒక కప్పు క్రింద ముప్పది నలుబదియేండ్లు గడపవలయును. మనసు మాఱి, నలుగురి యెదుట తప్పొప్పుకొని, ఆమె కోరగా చేసికొన్న వివాహమును మేము నిందింపము. అట్టివి కొన్ని సుఖముగా సాగుట ఎఱుగుదుము. కాని వివాహమును శిక్షగా విధించు ఊరు, ఆ శిక్షను అనుభవించునది ఎవరో ఒక్కసారియైన లెక్కచూచినదా?

మా కొల్లేటి సీమలో ఒక పాతకథ గలదు. కొల్లేటికోటలో నుండిన ఓఢ్రసేనాని, శత్రువులు తన్ను చుట్టుముట్టగా, సరస్సు నీటిని సముద్రమునకు దింపి వారిమీద పడదలచి కాలువ త్రవ్వించెనట, అదియే ఉప్పుటేరట. కార్యము సిద్ధించుటకై తన కన్నకూతును అచ్చట బలి యిచ్చెనట. ఆమె పేర ఆ చోటు పేరంటాల కనుమ యైనది. చరిత్రకారులు దీని నెంతవరకు నమ్ముదురో వారికి విడిచెదము. మాకు కావలసినది కథలోని యేర్పాటు. ఆపద తండ్రిది, యుద్ధము తండ్రిది, గెలుపు తండ్రిది. ప్రాణము మాత్రము కూతురిది. చంపిన పిమ్మట ఆమె పేరంటాలైనది, పసుపు కుంకుమలకు అర్హురాలైనది. బ్రతికియుండగా ఆమె మాట అడిగినవాడు కథలో లేడు. నేటికిని ఇంటి పరువను కోట ముట్టడిలో పడినపుడు మన తండ్రులు మొదట వెదకునది కూతురినే.

ఇదంతయు మన సంప్రదాయమని వాదించువారు కొందఱు గలరు. వారిని మన భారతమునే తెఱచి చూడుమనుచున్నాము. ఆదిపర్వమున శకుంతల కొడుకును వెంటబెట్టుకొని దుష్యంతుని నిండుసభకు వచ్చినది. గాంధర్వమునకు సాక్షులు లేరు, పత్రము లేదు, పురోహితుడు లేడు. రాజు ఆమెను ఎన్నడును చూడలేదనెను. ఆమె మూర్ఛపోలేదు, వెనుదిరుగలేదు. సత్యమును గూర్చి రాజునకే పాఠము చెప్పినది. మన బడిపిల్లలందఱు తరతరములుగా కంఠస్థము చేయుచున్న నన్నయ పద్యము ఆ సభలో ఆమె నోటినుండి వచ్చినదే. పద్యమును బట్టీపట్టినారు, పలికిన స్త్రీ పరిస్థితిని మఱచినారు! అచ్చట ఆకాశవాణి పలికి ఆమె మాట నిజమని చెప్పినది. నేడు ఆకాశవాణి పలుకకపోయినను డి.ఎన్.ఏ. పరీక్ష పలుకుచున్నది. ఆంధ్రప్రదేశమునకు 2007 నుండి 2009 వఱకు గవర్నరుగా నుండిన నారాయణదత్తు తివారీగారిని తన తండ్రియని ఒక యువకుడు ఢిల్లీ హైకోర్టున వ్యాజ్యము వేయగా, 2012లో ఆ పరీక్షయే వాని మాట నిలిపినది. 2014లో తివారీగారు కొడుకును అంగీకరించిరి. రాజభవనమున కూర్చున్నవారికి తప్పని పరీక్ష మన యూరి మోతుబరి కొడుకునకు మాత్రము పరువునష్ట మగునా?

మఱియొక సంగతి. ఆ చిత్రము వెలువడుటకు సరిగా నూరేండ్లకు మునుపు, 1881 డిశెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముపంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ కార్యమునకు ప్రేరకములైన కారణములలో శిశుహత్య యొకటి. పెండ్లి యెఱుగకయే విధవలైన పడుచుపిల్లలు గర్భవతులగుటయు, ఆ శిశువులు నూతులపాలగుటయు ఆనాటి పెద్దయిండ్లలో అందఱకు తెలిసిన రహస్యము. అదే 1881లో సూరతు పట్టణమున ఒక బ్రాహ్మణ వితంతువునకు శిశువును చంపినందుకు ఉరిశిక్ష పడి, తరువాత ద్వీపాంతరవాసముగా మాఱినది. ఆమెను గర్భవతిని చేసినవానికి ఏ శిక్షయు లేదు. ఆ రగడ విని మండిపడి, తారాబాయి శిందేగారు 1882లో మరాఠీభాషలో స్త్రీపురుషుల గుణదోషములను తూచి చిన్న పుస్తకము వ్రాసిరి.

అంతకును మునుపే, 1863లో, పుణ్యపురమున జోతిబాఫులే దంపతులు ఇట్టి స్త్రీలు రహస్యముగా ప్రసవించి సురక్షితముగా నుండుటకై తమ యింటనే ఒక ఆశ్రయము తెఱచిరి. అచ్చట పుట్టిన బిడ్డ నొకనిని దత్తు తీసికొని యశ్వంతుడని పేరిడి పెంచిరి. వాడు వైద్యుడై, 1897 నాటి ప్లేగులో రోగులకు చికిత్స చేసెను. ఆ చికిత్సాలయమునకు రోగిని మోసికొనిపోయిన సావిత్రీబాయి ఆ జాడ్యముతోనే ఆ యేట మార్చి నెలలో కన్నుమూసిరి. ఊరు నూతిలో వేయదలచిన బిడ్డ ఊరికి వైద్యుడైనాడు. తండ్రి పేరేమని ఆనాడు ఏ రోగియు అడిగియుండడు.

“ఇట్లు దయ చూపుచుపోయిన ఆడపిల్లలకు భయము పోవును, నీతి నశించును” అని మా మిత్రులే కొందఱు అనుచున్నారు. వారు మంచివారే, వారి భయము కపటము కాదు. కనుక సమాధానము చెప్పవలసియున్నది. భయము నీతిని నిలుపగలుగునేని, ఇన్ని తరముల భయము తరువాత ఈ దేశమున ఇట్టి సంఘటన యొక్కటియు జరుగరాదు గదా. భయము వలన జరిగినది వేఱు. పిల్ల మూడవనెలలో తల్లికి చెప్పవలసినది ఆఱవనెలలో చెప్పుచున్నది. వైద్యశాలకు పోవలసినది నాటువైద్యురాలి గుడిసెకు పోవుచున్నది. పిల్లవాడు మాత్రము ఏ భయమును లేక మఱుసటి వేసవికి కట్నము పుచ్చుకొని పెండ్లిపీటలెక్కుచున్నాడు. నీతికి భయమే ఆధారమైనచో, దానిని ఇన్నాళ్ళు ఒక్క పక్షమునకే పంచిపెట్టుట ఏమి నీతి? కొంతకాలము రెండవ పక్షమునకు పంచి చూడుడు.

చట్టము మాటకు వత్తము. అది మా వృత్తి గనుక రెండు మాటలెక్కువ చెప్పినను పాఠకులు మన్నింతురు గాక. అవివాహిత కన్న బిడ్డకైనను తండ్రి భరణ మీయవలయునని 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడుననే యున్నది. 1973 కోడున 125వ సెక్షనుగా నిలిచి, నేడు నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా నున్నది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టమున “వివాహిత, భర్త” యను మాటలుండిన చోట 2021 సవరణ “స్త్రీ, భాగస్వామి” యను మాటలు చేర్చెను. ఇరువది నుండి ఇరువదినాలుగు వారముల వఱకుగల గర్భము విషయమున అవివాహితను వేఱుగా చూడరాదని సుప్రీముకోర్టు 2022 సెప్టెంబరులో తీర్పు చెప్పినది. యుక్తవయస్సు వచ్చిన స్త్రీని పెండ్లి కాగితము చూపుమనుటకును, తండ్రినో మగనినో పిలువుమనుటకును ఏ వైద్యశాలకును అధికారము లేదు. బిడ్డను కనదలచిన తల్లి తండ్రి పేరు చెప్పకుండనే సంరక్షకురాలు కావచ్చునని, ప్రమాణపత్రము మీదనే జననపత్రము పొందవచ్చునని అదే న్యాయస్థానము 2015 జూలైలో తేల్చినది. పెంచలేని తల్లి బిడ్డను శిశుసంక్షేమ సమితికి అప్పగింపవచ్చును. మనసు మార్చుకొనుటకు రెండుమాసముల గడువు గలదు. ఇన్ని యుండగా, పిల్లలు నూతులలో తేలుట యేల? ఈ సంగతులు వారికి చెప్పినవారు లేరు గనుక.

చట్టమంతయు బంగారమని మేమనము. వంచకుడు వీలునామా వ్రాయక చనిపోయినచో వాని యాస్తిలో ఈ బిడ్డకు చిల్లిగవ్వ రాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము అట్టి బిడ్డను తల్లికి మాత్రమే బంధువుగా నెంచినది. బిడ్డ చేసిన అపరాధమేమో శాసనకర్తలు చెప్పవలయును. 2024 జూలై ఒకటవ తేదీనుండి అమలులోనున్న న్యాయసంహిత 69వ సెక్షను, నెఱవేర్చు తలంపు లేకయే పెండ్లిమాట యిచ్చి పొందు కూడినవానికి పదియేండ్లవఱకు కారాగారము విధించుచున్నది. దీనిని చూచి కొందఱు పండుగ చేసికొనుచున్నారు. మాకంత ఉత్సాహము లేదు. మొదటినుండియు మోసము తలచినవాడు వేఱు, ప్రేమించి పిమ్మట పిఱికియై తల్లిదండ్రుల చాటున దాగినవాడు వేఱు. రెండవవానిని జైలున పెట్టుట కష్టము, పెట్టుట న్యాయమో కాదో కూడ చెప్పలేము. కాని బిడ్డ పోషణ విషయమున ఇరువురకును భేదము లేదు. జైలు బెదిరింపు చేత పట్టుకొని మధ్యవర్తులు బేరము పెంచుటకు ఆ సెక్షను ఇప్పటికే అక్కఱకు వచ్చుచున్నదేమోనని మా యనుమానము.

అట్లని న్యాయస్థానము వ్యర్థము కాదు. ఆంధ్రదేశపు పల్లె యొకదానినుండి బయలుదేరిన వ్యాజ్యము 2006లో సుప్రీముకోర్టున తేలినది. పెండ్లిమాట నమ్మిన పిల్ల గర్భవతి యైనది; పెద్దలు పంచాయతీ కూర్చుండిరి; పిల్లవాడు వారియెదుట ఒప్పుకొని, రెండుదినముల గడువడిగి, మఱి కనబడలేదు. క్రిందికోర్టు వేసిన శిక్షను సుప్రీముకోర్టు ఖాయపఱచినది. ఆ పంచాయతీ పెద్దలే సాక్షులైరి. అనగా పెద్దలు దాచుటకు బదులు నోరు విప్పిన న్యాయము జరుగునన్నమాట. మాకు పెద్దలమీద కసి లేదు. వారు వకీళ్ళును న్యాయాధిపతులును కాక, కేవలము సాక్షులుగా నుండుట నేర్చిన చాలును.

చలనచిత్రములవారికిని ఒక మాట. “న్యాయం కావాలి” వంటివి వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. తక్కిన వానిలో పెండ్లికాని తల్లి చివరి ఘట్టమునకు ముందే చచ్చుటయో, వంచకుని పాదములకడ తాళి కట్టించుకొనుటయో పరిపాటి. ఆమె బ్రతికి, ఉద్యోగము చేసి, బిడ్డను బడికి పంపి, సాయంకాలము కూరగాయల బేరమాడు దృశ్యము చూపుటకు ఏమి ఖర్చగును? ప్రేక్షకులు ఒప్పరందురు. కోర్టుబోనులో భారతిని ఒప్పిన ప్రేక్షకులే గదా వీరు!

1987 నాటి న్యాయసేవల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీకి, ఆమె రాబడి యెంతయైనను, వకీలు సహాయము ఉచితము. కైకలూరు న్యాయస్థానమున అడిగినచో దరఖాస్తు కాగితము ఇత్తురు. పఠనమందిరములలో ఈ పత్రిక చదువు యువకులు తమ గ్రామములలో ఈ సంగతిని బాలికల పాఠశాల గోడమీద పెద్దయక్షరములతో వ్రాయించుట మొదటిపని. ఈసారి ఏ రాత్రియైన అట్టి సభ కూడినదని వినినచో, ఇద్దఱు ముగ్గురుగా పోయి పిల్ల యెక్కడ నున్నది, ఆమె యేమి కోరుచున్నది యని పెద్దలను అడుగుట రెండవపని. ఆమెకు పరీక్షలు దగ్గఱపడియున్నచో హాలుటిక్కెట్టు ఎవరి యొద్ద నున్నదో తెలిసికొని తెచ్చి ఆమె చేతి కిండు.